సీతామహాలక్ష్మికి నచ్చని ఊలు

మధ్యాహ్నం రెండింటికి అంట్లు తోమేసి, వంటింటి గట్టు తుడిచేసి, సీతామహాలక్ష్మి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఒళ్ళో ఊలు ఉండ, చేతుల్లో సన్నటి సూదులు. మన్సూరాబాద్‌లో వాళ్ళ వీధికి ఆ వేళప్పుడు పెద్ద పనేం ఉండదు. కొరియర్ కుర్రాళ్ళు, నీళ్ళ టిన్నుల ఆటో, అంతే. సాయంత్రం పాలు కాచే వేళ దాకా ఆవిడ సాక్సులు అల్లుతుంది.

హైదరాబాద్ ఎండల్లో ఊలు సాక్సులు ఎవరు వేసుకుంటారని అడక్కండి. ఏసీ ఆఫీసుల్లో కాళ్ళు కొంకర్లు పోయేవాళ్ళు వేసుకుంటారు, బాలింతలు వేసుకుంటారు, రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌లు వేసుకుంటారు. ఏలూరులో ఎనిమిదో తరగతిలో ఉండగా కుట్లు అల్లికల టీచరు నేర్పిన విద్య అది. పెళ్ళయి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళయినా ఆవిడ వదల్లేదు.

ఆవిడ ఎవరి కాలికీ కొలత తీసుకోదు. తీసుకున్నా ఉపయోగం లేదు. ఎవరి పేరు చెప్పుకుని మొదలుపెట్టినా, చివరికి ఆ సాక్సు ఎవరు వేసుకుంటారో వాళ్ళ పాదంలాగే వస్తుంది. అదీ, వేసుకునే రోజుకి ఆ పాదం ఎలా ఉంటుందో అలా. బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చిన మనిషికైతే సాక్సులోనూ అక్కడ బుడిపె వస్తుంది. మూడో ఇంటి తేజస్వినికి కుదిరిన పెళ్ళికొడుక్కని అల్లినవి రెండంగుళాలు పొట్టిగా వచ్చాయి. తేజస్విని వాళ్ళమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, కల్యాణమండపానికి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తెచ్చేసుకుంది. ఆర్నెల్లకి వేరే సంబంధం కుదిరింది. ఆ అబ్బాయికి అవి అతికినట్టు సరిపోయాయి. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. నల్లా ఎన్నింటికొస్తుందో చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు.

ఇక రంగుల సంగతి. సీతామహాలక్ష్మికి చిలకపచ్చ ఇష్టం, బంతిపువ్వు పసుపు ఇష్టం, జాతర్లో అమ్మే పీచుమిఠాయి రంగు మరీ ఇష్టం. సాక్సు వేసుకున్న మనిషి వీధి చివర మలుపు తిరుగుతుంటేనే కనపడాలని ఆవిడ సిద్ధాంతం. దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక ఊలు కొట్టుంది. ఆవిడ గుమ్మం ఎక్కగానే కొట్టాయన అడక్కుండానే పై అరలో ఉన్న కళ్ళు జిగేల్మనే రంగులన్నీ దింపుతాడు.

అలాంటి మనిషి చేతికి ఆ ఊలొచ్చింది.

తెచ్చింది సాధన. పై వాటాలో కిరాయికుంటుంది, ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తండ్రి సాలోమోను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, కూతురితోనే ఉంటాడు. డిశ్చార్జి అయిన పేషెంటు ఒకావిడ సంతోషంకొద్దీ సాధన చేతిలో రెండు చుట్టలు పెట్టి వెళ్ళిందట. కాశ్మీరు మేకల ఉన్నీ, పట్టూ కలిపి చేసిందట. అట్ట మీదున్న ధర సీతామహాలక్ష్మి రెండుసార్లు చదువుకుంది. క్రిస్మస్‌కి చర్చికి వేసుకుపోను మా డాడీకి సాక్సులు అల్లిపెట్టండాంటీ అంది సాధన. కాదనడానికేముంది.

కానీ ఆ రంగు చూశాక ఆవిడకి ప్రాణం ఉసూరుమంది. నలుపు అందామా, నలుపు కాదు. ఎండలో పెడితే నేరేడుపండు, నీడలో పెడితే మడ్డినూనె, మధ్యమధ్యలో బురదపచ్చ. మెత్తదనానికి మాత్రం వంకపెట్టలేం, పాలమీద మీగడ పట్టుకున్నట్టు వేళ్ళలోంచి జారిపోతోంది. ఇంత ఖరీదైన సరుక్కి ఇంత దరిద్రపు రంగు వెయ్యడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయా అని ఆవిడ ఆ పూటంతా గొణుక్కుంది. అయినా మాటిచ్చింది కాబట్టి మొదలుపెట్టింది.

అప్పటికి ఆవిడ భర్త ప్రసన్నకుమార్ అయ్యప్ప మాల వేసుకుని పన్నెండు రోజులైంది. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఆఫీసు మేనేజరు. నల్లలుంగీ, నల్లచొక్కా, కాళ్ళకి చెప్పుల్లేవు. ఎల్బీనగర్లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్లో దిగి, అక్కణ్ణుంచి పండ్లబండ్ల మధ్యగా, ఎవరో తాగి పారేసిన కొబ్బరిబోండాలు దాటుకుంటూ ఉత్తకాళ్ళతో నడిచిపోతాడు. ఎనిమిదేళ్ళుగా షుగరుంది. మాత్రలు వేసుకుంటాడు, దీక్ష ఉన్న నలభై ఒక్క రోజులూ తీపి కూడా ముట్టడు. అందుకే ఇంట్లో ఎవరికీ ఆ దిగుల్లేదు.

పైగా ఈ ఏడు ఆయనకొక గర్వం కూడా వచ్చింది. కంకర మీద నడిచినా గుచ్చుకోవట్లేదట, మధ్యాహ్నం తారురోడ్డు కాలట్లేదట. స్వామి తన కాళ్ళ కింద తివాచీ పరుస్తున్నాడని, ఇక్కడి స్వాములంతా కలిసి పూజ చేసుకునే సన్నిధానంలో అందరికీ చెప్పాడు. గురుస్వామి ఉపేంద్ర కూడా కన్నెస్వాములకి ఆయన్నే చూపించి, కుంటకుండా నడవడమంటే అదీ అన్నాడు. సీతామహాలక్ష్మి రోజూ పొద్దున్నా సాయంత్రం పూజ అయ్యాక ఆయన పాదాలకి దణ్ణం పెట్టి కళ్ళకద్దుకునేది. మాలలో ఉన్న మనిషి మొగుడు కాదు, స్వామి. ఆయన కూడా ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడం మానేసి మాతా అంటున్నాడు.

కుడికాలి సాక్సు నాలుగు రోజుల్లో అయిపోయింది. సన్నగా, పొడుగ్గా, బొటనవేలికంటే పక్కవేలు కాస్త ముందుకొచ్చి ఉంది. సీతామహాలక్ష్మికి అనుమానం తగిలింది. సాలోమోనువి చేటల్లాంటి పాదాలు కదా. సరే, ఎవరో చుట్టాలకి ఇస్తారు కాబోలనుకుని ఎడమకాలిది ఎత్తుకుంది.

ఎడమకాలిది చివరికొచ్చేసరికి చిటికెనవేలి దగ్గర కుట్లు వాటంతటవే తగ్గిపోయాయి. అక్కడ వేలుండాల్సిన చోట వాలుగా, కత్తిరించినట్టు వచ్చింది. ఈ మాయదారి రంగులో కుట్లు కనపడి చస్తేగా, ఎక్కడో లెక్క తప్పానని ఆవిడ ఊలునే తిట్టుకుని సాక్సంతా ఊడదీసింది. మళ్ళీ అల్లింది. ఈసారి రెండు వేళ్ళు లేవు.

తన అల్లిక తప్పు పోవడం ఆవిడ ఎరగదు. అయోమయం పట్టుకుంది. పులిహోర గిన్నె చేతిలో పట్టుకుని పైకి వెళ్ళి, సాలోమోను కాళ్ళవంక చూస్తూ కూర్చుంది. పదివేళ్ళూ ఉన్నాయి, ఒక్కో వేలూ స్పానర్‌లాగా ఉంది. ఆయన ఇబ్బందిపడి కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

మూడోసారి సగం పాదం దగ్గరే ఆగిపోయింది. ఊలు మాత్రం ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ మిగులుతోంది. మొదటిసారి నిమ్మకాయంత, తర్వాత బత్తాయంత. మొదట్లో ఆవిడ దానికి సంబరపడింది కూడా, ఎవరైనా చంటిదానికి ఓ జత వస్తుందని. మూడోసారికి ఆ సంబరం పోయింది. ఊళ్ళో ఎవరికైనా ఏదైనా అవబోతోందా, సాలోమోనుకేనా? లేక ముప్పై ఏళ్ళ తర్వాత తన చేతుల్లోంచి ఆ విద్యే పోతోందా? ఏదీ తేలక అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఊలు తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ కొట్టుకెళ్ళింది. కొట్టాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిమిరాడు. ఊలులో ఏ దోషమూ లేదమ్మా, ఇంత మంచి సరుకు నా కొట్లోకి ఎప్పుడూ రాలేదు అన్నాడు. మీకు నచ్చకపోతే నాకిచ్చెయ్యండి, చిలకపచ్చవి ఎనిమిది ఉండలు పట్టుకుపొండి అని కూడా అన్నాడు. ఉండలు దింపి బల్ల మీద వరసగా పెట్టాడు. వాటిని చూస్తే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాపింది కూడా. కానీ అది సాధన సొమ్మాయె, అడక్కుండా ఎలా ఇచ్చేస్తుంది? ఆ మొహమాటం ఒక్కటీ అడ్డురాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంటికొచ్చి, ఉండబట్టలేక, మీ నాన్నకి ఒకసారి బీపీ, షుగరూ చూడమని సాధనతో అంది. ఎందుకో చెప్పలేదు. సాధన వేలికి సూది గుచ్చి చూసింది, ఏమీ లేదు. సాలోమోను మెట్లు దిగి వచ్చి మరీ అడిగాడు.

"నాకేమైందమ్మా, మంచిగనే ఉన్న. మీరెందుకు గింత పరేషాన్ అయితున్నరు?"

ఆవిడ ఆయన కాళ్ళవంక ఇంకోసారి చూసి లోపలికెళ్ళిపోయింది.

నాలుగోసారి అల్లడం మొదలుపెట్టేనాటికి మాల వేసుకుని ముప్పై నాలుగు రోజులైంది. ఇంకో వారంలో ఇరుముడి, రైలు టిక్కెట్లు తీసేశారు. ఈసారి సాక్సు మడమ దగ్గరికొచ్చి నిలిచిపోయింది. సూది లోపలికి దిగనంది. బలవంతాన దింపితే కుట్టు జారిపోయింది. చేతిలో ఒక ఉత్త గొట్టం మిగిలింది, కింద పాదం లేదు. పక్కన ఊలుండ కొబ్బరికాయంత ఉంది. సీతామహాలక్ష్మి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుపు ఆపుకోలేకపోయింది.

డ్యూటీ దిగి వస్తున్న సాధన గేటు తీస్తూ చూసింది. చెప్పులు విప్పి వచ్చి పక్కన కూర్చుంది. ఇంక దాచడం వల్లకాక సీతామహాలక్ష్మి జరిగిందంతా చెప్పేసింది. సాధన ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఊడదీసినవి ఏది ముందు, ఏది తర్వాత? జర మళ్ళొకసారి చెప్పండి ఆంటీ."

"ముందు చిటికెనవేలు లేదు. తర్వాత రెండు వేళ్ళు లేవు. తర్వాత సగం పాదం. ఇప్పుడిది."

సాధన మొహం మారిపోయింది.

"మీరు తప్పు అల్లలే. మా వార్డుల గిదే వరస. షుగర్ ఉన్నోళ్ళకు పుండైతే ఫస్ట్ వేలు తీస్తరు. లేట్ చేసినకొద్ది కాలు పైకి పైకి పోతది. ఇవన్నీ ఒక్క మనిషి కాలే ఆంటీ."

ఎవరి కాలన్నదే ఇద్దరికీ తోచలేదు. సాలోమోనుకి షుగరు లేదాయె. పైగా ఈ రంగు మా డాడీ ఎట్లాగూ వేసుకోడు, నేనే ఊకె తెచ్చిన అంటూ సాధన ఊలుని వెలుతురుకెత్తి చూసింది. సీతామహాలక్ష్మి కూడా తలెత్తింది. ఎదురుగా తీగ మీద నల్లలుంగీ ఆరుతోంది. ముప్పై నాలుగు రోజులు రోజూ రెండుపూటలా తడిపి, పిండి, ఎండలో వేసిన లుంగీ. వెలిసి వెలిసి నలుపు పోయింది. ఎండ పడ్డచోట నేరేడురంగు, మడతల్లో మడ్డిరంగు, అంచు దగ్గర బురదపచ్చ. సన్నటి పొడుగాటి పాదం, బొటనవేలికంటే పక్కవేలు ముందుకి. ఆవిడ రోజూ కళ్ళకద్దుకుంటున్న పాదమే.

సాధనని పైకి పోవద్దని చెప్పి, ఆవిడ గేటు దగ్గరికెళ్ళి నిలబడింది.

ఆరున్నరకి ప్రసన్నకుమార్ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, దీపం పెట్టి, శరణుఘోష చెప్పుకుని పీఠం ముందు నిలబడ్డాడు. సీతామహాలక్ష్మి ఎప్పట్లాగే వంగి, ఈసారి రెండు చేతులతో ఎడమ చీలమండ పట్టుకుంది.

"స్వామీ, పాదం ఎత్తండి."

ఆయనకి అర్థం కాలేదు. దణ్ణం పెట్టే పాదాన్ని ఎత్తమంటుందేమిటి, అపచారం కదా అన్నాడు. ఆవిడ వినలేదు. గోడ పట్టుకోమని చెప్పి తనే ఎత్తింది. పైన పసుపూ గంధమూ రాసిన పాదం, కింద చిటికెనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత గుంట. చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది. గుంటనిండా విభూతి కూరి ఉంది. సాధన గుమ్మంలోంచి టార్చి వేసి, లోపల గాజుపెంకు మెరవడం చూపించింది. నొప్పి లేదే అన్నాడాయన పిల్లాడిలా. నేలమీద తడి అంటుతుంటే నాలుగు రోజులుగా విభూతి అద్దుతున్నాడట. కర్పూరం వాసనలో ఆ వాసన ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

తివాచీ కాదది, కాలు మొద్దుబారిపోయింది.

అయినా ఆయన ఒక పట్టాన కదల్లేదు. ఇంకో వారమేగా, కొండకెళ్ళి వచ్చాక చూపించుకుంటానన్నాడు. మెళ్ళో మాలుండగా ఆసుపత్రి మంచమెక్కనన్నాడు. సీతామహాలక్ష్మి చేతిలో ఉన్న గొట్టం ఆయన ముందు పెట్టింది. వారం ఆగితే మీరు వేసుకునేది ఇదీ అంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ సాక్సుల సంగతి ఎరిగిన మనిషి. దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఉపేంద్రకి ఫోన్ చెయ్యమన్నాడు.

ఉపేంద్ర పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు. పాదం చూడగానే తలవంచుకున్నాడు. కన్నెస్వాములందరి ముందూ తనే కదా ఆ నడకని మెచ్చుకుంది. మంత్రం చెప్పి తన చేతులతోనే మాల తీసి అయ్యప్ప పటానికి వేశాడు. వచ్చే ఏడు వేసుకుందాం స్వామీ అని చెప్పి, సాలోమోను, తనూ చెరోపక్కా పట్టుకుని ఆయన్ని ఆటో ఎక్కించారు.

సాధన పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. డాక్టరమ్మ పుండు కడిగి, మందులు ఎక్కించి, మొహమాటం లేకుండా చెప్పింది. వేలితో పోతుందా, సగం పాదమా, మొత్తమా అన్నది రెండు రోజులు గడిస్తేగానీ చెప్పలేనంది.

ఆ రెండు రోజులూ సీతామహాలక్ష్మి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. సంచిలో ఊలుంది, సూదులున్నాయి. ముట్టుకోవాలంటే భయం. తను అలా అల్లడం వల్ల అలా జరుగుతోందా, అలా జరగబోతోంది కాబట్టి అల్లికలోకి వస్తోందా? ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాని ప్రశ్న. అల్లడం మానేస్తే ఏ వేలూ పోదేమో, లేక అల్లకపోతే పాదమే ఉండదేమో. ఎటూ తేల్చుకోలేక సంచి మూతి ముడివేసి, విప్పి, మళ్ళీ ముడివేసింది. రెండోరోజు పొద్దున ప్రసన్నకుమారే అన్నాడు.

"అల్లు సీతా. ఏదొస్తే అది."

నెల తర్వాత ఆయన నోట తన పేరు వినేసరికి ఆవిడకి దుఃఖం ముంచుకొచ్చింది. ఏడుస్తూనే మొదలుపెట్టింది. ఆయన ఊలుండని ఛాతీ మీద పెట్టుకుని, సెలైన్ సూది లేని చేత్తో దారం వదులుతూ పడుకున్నాడు. ఎడతెగకుండా అల్లింది. మడమ దగ్గర, కిందటిసారి ఆగిపోయిన చోట, సూది దిగింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మడమ తిరిగింది. సగం పాదం దాటింది. వేళ్ళ మొదలుకొచ్చేసరికి సాయంత్రమైంది. ఉండ నిమ్మకాయకంటే కాస్త పెద్దగా ఉంది. బొటనవేలొచ్చింది, దాని పక్కది ముందుకొచ్చింది, తర్వాత రెండూ వచ్చాయి. చిటికెనవేలి దగ్గర కుట్లు తగ్గి వాలుగా మూసుకుపోయాయి.

"ఒక్కటేనండీ" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి కట్టు విప్పి చూసి, చిటికెనవేలు తియ్యాలి, మిగతా కాలుకి ఢోకా లేదు అంది. వాళ్ళిద్దరూ అంత ప్రశాంతంగా తలూపడం చూసి, అర్థమైందో లేదోనని మళ్ళీ ఒకసారి చెప్పింది.

క్రిస్మస్‌కి సాలోమోను బంతిపువ్వు పసుపు సాక్సులు వేసుకుని చర్చికి వెళ్ళాడు. సీతామహాలక్ష్మి వార్డులో కూర్చుని అల్లినవి. అవి మాత్రం మొదటిసారికే చేటల్లా వచ్చాయి. తెల్ల ప్యాంటు కింద అవి వీధి చివర మలుపు దాకా కనపడ్డాయి. నచ్చాయా అంటే, మస్తుగున్నయమ్మా అన్నాడు గానీ, ప్యాంటు కిందికి లాక్కుంటూ నడిచాడని సాధన చెప్పి నవ్వింది. ఖరీదైన ఊలు సంగతెత్తితే, ఎవరి కాలికి రాసుందో ఆ కాలికి పోయింది ఆంటీ అంది.

ఫిబ్రవరి నుంచి ప్రసన్నకుమార్ మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నాడు. డాక్టరమ్మ చెప్పిన వెడల్పాటి బూట్లు, లోపల ఆ సాక్సులు. ఆ రంగు సీతామహాలక్ష్మికి ఇప్పటికీ నచ్చలేదు. బకెట్లో నానబెట్టిన ప్రతిసారీ మొహం చిట్లించుకుంటుంది. కానీ మెషీన్లో వెయ్యనివ్వదు, చేత్తోనే ఉతికి నీడపట్టున ఆరేస్తుంది.

సాయంత్రం ఆయన రాగానే కుర్చీలో కూర్చోబెట్టి, బూట్లు విప్పించి, కింద చాప మీద కూర్చుంటుంది. మాల లేదుగా, ఇంకా ఏం దణ్ణాలే అంటాడాయన సిగ్గుపడుతూ. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వరండా లైటు వేస్తుంది.

"ఎత్తండి" అంటుంది.